గుమ్మం ముందు చెప్పుల జత

పోయిన నెల మా వీధి చివరి అపార్ట్‌మెంటు నుంచి ఒక పిల్ల వచ్చి, వాళ్ల పిల్లిని మూడు రోజులు చూసుకుంటారా అని అడిగింది. చూసుకుంటాలే అన్నాను. ఆ పిల్ల అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. "రాత్రి అక్కడ పడుకోనక్కర్లేదు ఆంటీ. పొద్దున, సాయంత్రం వచ్చి తిండి పెట్టి పోతే చాలు. లోపల కెమెరా ఉంది" అంది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "కెమెరా నీళ్లు తాపుతుందా? కెమెరా పక్కలో పడుకుంటుందా? రాత్రి మనిషిని ఉంచలేనప్పుడు జీవాన్ని పెంచేదెందుకు, బొమ్మ కొనుక్కో పో!" అని అరిచేశాను. పాపం, ఆ పిల్ల అట్లాగే వెనక్కి తిరిగింది. మెట్లు దిగుతూ ఫోనులో ఎవరికో "ఆ జాకెట్లు కుట్టే ఆంటీకి కాస్త తిక్క" అని చెప్పడం కూడా నా చెవిన పడింది. తిక్కే. కాదని నేనెప్పుడన్నాను?

ఆ తిక్క ఎక్కడ మొదలైందో రాసి పెడదామని కూర్చున్నాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోదు, నాకు తెలుసు. అయినా రాస్తున్నాను.

మేముండేది తమిళం మాట్లాడే ఊళ్లో, ముత్తియాల్‌పేటలో, ఒక గది, వంటకింత చోటు ఉన్న అద్దె పోర్షను. నేను, మా అమ్మ. నాన్న మిల్లులో పనిచేసి, రిటైరైన ఏడాదికే పోయాడు. నాది కుట్టుమిషను మీద బతుకు. పెళ్లి ఎందుకు కాలేదని మాత్రం అడగొద్దు, అడిగినవాళ్లకు జాకెట్టు ఒక అంగుళం బిగుతుగా కుట్టి ఇస్తాను. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా మా వంశంలో ఎవరికీ ఆ అక్షరాలు రావు. బళ్లో నేను చదివింది తమిళం. నలభై ఆరేళ్ల వయసులో నా చేత తెలుగు దిద్దించింది నటేశన్ నగర్‌లో ఉండే ఒక రిటైరైన టీచరమ్మ. కొలతలు తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఆమె బల్ల మీద ఒక పుస్తకం చూసి "ఇది మన బాసేనా అక్కా?" అని అడిగాను. ఆమె నవ్వలేదు. లోపలికి పోయి పలక తెచ్చింది. ఆనాటి నుంచి రెండేళ్ల పాటు ప్రతి మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం నేను ఆమె ముందు కూర్చుని చిన్నపిల్లలాగా గుణింతాలు వల్లించాను. ఈ కాగితం మీద పడుతున్న ప్రతి అక్షరమూ ఆమె పెట్టిన భిక్షే. అదే నాకు ముల్లు.

ఆ ఇంట్లో ఆమెకు తోడు ఒక ముసలి కుక్క. పధ్నాలుగేళ్లది, నల్లది, ఒక కన్నుకు పొర కమ్మింది, వెనక కాళ్లు సరిగ్గా లేవవు. నేను దిద్దుతున్నంతసేపూ నా పాదం మీద గడ్డం ఆనించి పడుకునేది. "నాకంటే ముందు దీనికే వచ్చేసేట్టుండాది అక్కా చదువు" అంటే టీచరమ్మ పడీపడీ నవ్వేది. కుక్కలంటే నాకేమీ ప్రేమ లేదు. కానీ ఒక జీవం రెండేళ్లు తన బరువు మన కాలి మీద పెట్టాక, లేదని ఎట్లా అంటాం?

ఒకరోజు టీచరమ్మ పలక పక్కన పెట్టి, కూతురి కాన్పుకు కోయంబత్తూరు పోవాలని చెప్పింది. పన్నెండు రోజులు. కుక్కలను ఉంచుకునే చోట అడిగితే ఇంత ముసలిదాన్ని తీసుకోం అన్నారట.

"పగలు ఎవరైనా చూస్తారు మే. రాత్రే దానికి కష్టం. లేచినప్పుడు మనిషి కనపడకపోతే గుండె అదిరిపోతాది దానికి. పక్కన చాప వేసుకోని ఒక చెయ్యి దాని మీద పెట్టినావంటే చాలు, తెల్లారేదాకా కదల్దు. ఉంటావా?"

"ఉంటానక్కా. మీరు కవల పడొద్దు, దిగులే వద్దు" అన్నాను.

"మీ అమ్మనూ పిలుచుకోనొచ్చేయి. ఇంత ఇల్లుండాది" అంది. ఆ మాట ఆమే అంది కాబట్టి నాకు ధైర్యమొచ్చింది.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అప్పటికి అమ్మకు ఎనభై దాటాయి. చూపు ఆనదు, రాత్రి మూడుసార్లయినా లేపాలి, గోడ పట్టుకుని పోతూ పడుతుంది. ఒక్కదాన్నే రాత్రి వదలడానికి లేదు. నేను చెప్పింది విని అమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"ఒకరింట్లో నేను పక్క వెయ్యను పాపా. నాకు దినాలు దగ్గరబడినాయి. పాడు నచ్చత్రంలో ఆడ నా ప్రాణం పోయిందంటే ఆ మహాతల్లి ఇల్లు ఆర్నెల్లు మూసిపెట్టాల. పసిబిడ్డను ఎత్తుకోని వచ్చే ఇల్లది. నీకు చదువు చెప్పినందుకు మనం ఇచ్చేది అదా?"

ఇది అమ్మ పిచ్చి అనుకోవద్దు. మా వాళ్లలో ముసలివాళ్లు ఎవరూ పరాయి ఇంట్లో నిద్ర చెయ్యరు. చెడ్డ నక్షత్రాన చావు జరిగిన ఇంటిని మూసి, అందరూ బయటికి పోవాలి. అందుకని వయసు మీదపడ్డాక కూతురింటికి పోయినా పొద్దు కుంకేలోపు తిరిగి వచ్చేస్తారు. తమ చావు ఎవరికీ బరువు కాకూడదని వాళ్ల పట్టుదల. రెండు రోజులు బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. అమ్మ కదల్లేదు. కుక్కను మా పోర్షనుకు తెద్దామంటే ఇంటి ఓనరు గడప దాటనివ్వడు.

అప్పుడే టీచరమ్మకు ఫోను చేసి, "అక్కా, నా వల్ల కాదు" అని ఉంటే సరిపోయేది. ఆమె ఇంకెవరినో వెతుక్కునేది. దొరక్కపోతే కుక్కను కారులో వేసుకుని పోయేదేమో. నాకు నోరు రాలేదు. అక్షరాలు దిద్దించిన మనిషికి లేదని ఎట్లా చెప్పడం? మొహం మీద కాదనడం మాకు చేతకాదు. సరే సరే అనేస్తాం, తర్వాత అటూ ఇటూ గెంతుతాం. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఏమౌతాడో తెలిసి కూడా పెడతాం.

నేను వేసిన ఎత్తు చెబుతాను, వినండి. ఇక్కడ ఎవరింటికి వెళ్లినా తలుపు కొట్టే ముందు కిందికి చూస్తాం. గుమ్మం ముందు చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు. తన ఇల్లు కనిపెట్టుకుని ఉండమని ఎదురింటి పెద్దమ్మకు టీచరమ్మ చెప్పి పోయింది. అందుకని నేను రెండు జతల చెప్పులు పట్టుకుపోయాను. సాయంత్రం ఆరింటికి వెళ్లి, దీపం పెట్టి, కుక్కకు పెరుగన్నం కలిపి, ఇడ్లీ ముక్కలో మాత్ర దాచి తినిపించేదాన్ని. టీచరమ్మ పాత నూలుచీర పరిచి దాన్ని పడుకోబెట్టి, చాప మీద పక్కనే పడుకుని చెయ్యి వేసేదాన్ని. అది గుర్రు పెట్టాక మెల్లిగా చెయ్యి తీసి, టీవీలో భక్తి పాటలు సన్నగా పెట్టి, వాకిట్లో లైటు వేసి, బయటికి కప్ప కనపడకుండా తలుపులోనే ఉండే తాళం తిప్పి, తలుపు బయట నా చెప్పుల జత నీటుగా గోడకు ఆనించి పెట్టేదాన్ని. ఎనిమిదిన్నరకల్లా వీధి చివర రెండో జత వేసుకుని, షేరు టెంపో ఎక్కి అమ్మ దగ్గరికి వచ్చేసేదాన్ని. మళ్లీ తెల్లవారుజామున మొదటి టెంపోకు పరుగు. ఆ రోజుల్లో నా తల ప్రాణం తోకకొచ్చింది.

రోజూ పొద్దున టీచరమ్మ ఫోను చేసేది. "రాత్రి బాగా పడుకునిందా?"

"పడుకునిందక్కా. నా చెయ్యి కింద నుంచి కదలనే లేదు."

మొదటిసారి ఆ అబద్ధం చెప్పినప్పుడు చెవులు వేడెక్కాయి. నాలుగోరోజుకు అలవాటైంది. అబద్ధానికి అలవాటు పడడానికి మూడు రోజులు చాలు.

అయిదో రోజు పొద్దున నేను తలుపు తీసేసరికి కుక్క చీర మీద లేదు. ముందు గదిలో, తలుపు దగ్గరే పడుకుని ఉంది. లేవలేని కాళ్లతో అంత దూరం ఎట్లా వచ్చిందో! నా అడుగుల చప్పుడు విని వచ్చిందిలే అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలనుకున్నానా? చీర నడి గదిలోకి ఈడ్చుకొచ్చి ఉంది. ఏడో రోజు తలుపు ముందు నేల తడిగా ఉంది. తుడిచేశాను. తుడిచి, ఇంకో అయిదు రోజులే కదా అని లెక్క పెట్టుకున్నాను. ఆ రోజే టీచరమ్మ కూతురికి మగబిడ్డ పుట్టాడు. ఆ సంతోషంలో ఆమె ఫోనులో కుక్కతో మాట్లాడింది. ఫోను దాని చెవి దగ్గర పెడితే అది తోక రెండుసార్లు నేలకు కొట్టింది.

పదో రోజు తెల్లారేసరికి వాన. టెంపో ఆలస్యమైంది. నేను పోయేసరికి ఆరు దాటింది. తాళం తీసి తలుపు నెట్టాను. తెరుచుకోలేదు. చెక్క ఉబ్బిందేమోనని భుజంతో నెట్టాను. అవతల ఏదో మెత్తటి బరువు తగిలి, ఆగింది. అప్పుడు నాకు అర్థమైంది. గట్టిగా నెట్టడానికి మనసొప్పలేదు. కొంచెం కొంచెంగా తోసి, సందులోంచి ఒళ్లు దూర్చి లోపలికి వెళ్లాను.

కుక్క తలుపు కింది సందుకు ముక్కు ఆనించి పడి ఉంది. ఒళ్లు అప్పటికే బిగుసుకుపోయింది. తలుపు అడుగున గోళ్ల గీతలు, రంగు లేచిపోయి తెల్లటి చెక్క బయటపడింది. సందుకు ఇవతల దాని ముక్కు. అవతల, జానెడు దూరంలో, నా చెప్పుల జత. ఊరిని మోసం చెయ్యడానికి నేను పెట్టిన చెప్పుల వాసన పట్టుకుని, నేను బయటే ఉన్నాననుకుని, అది రాత్రంతా నన్ను పిలిచింది. తొమ్మిది రాత్రులూ పిలిచిందేమో. టీవీలో పాటలు ఇంకా పాడుతూనే ఉన్నాయి.

ఏడ్చానా అంటే, అప్పుడు ఏడవలేదు. ముందు చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తుకుని వెనక గదికి తీసుకుపోయి చీర మీద పడుకోబెట్టాను. పక్కన చాప పరిచాను. ఎవరో పడుకుని లేచినట్టు దిండు నొక్కి, దుప్పటి నలిపి పడేశాను. అంతలో ఫోను మోగింది.

"రాత్రి బాగా పడుకునిందా?"

"అక్కా…" అన్నాను. ఆ పిలుపులోనే ఆమెకు తెలిసిపోయింది. వెనక పసిబిడ్డ ఏడుపు వినపడుతోంది. "తెల్లారుజామున పోయిందక్కా. కష్టపడలేదు. నా చెయ్యి మీద తల పెట్టుకోనే పోయింది."

ఆమె గొంతు సవరించుకుంది. "ఒంటిగా పోలేదు గదా. అంతే చాలు మే" అంది. ఆ మాట వినగానే నాకు ఊపిరి తేలికపడింది. సిగ్గు లేని ఊపిరి.

నా గొంతు విని ఎదురింటి పెద్దమ్మ గొడుగు వేసుకుని వచ్చింది. ఫోను నా చేతిలోంచి తీసుకుని, "ఈ బిడ్డను ఏమీ అనుకోవద్దమ్మా. దినమూ రాత్రంతా ఈమె చెప్పులు వాకిట్లోనే ఉంటాయి, నేను చూస్తానే ఉండా. ఇట్లా మనిషి దొరకాలంటే పుణ్యం చేసుకోని ఉండాల" అని సాక్ష్యం చెప్పింది. దొంగకు తేలు కుట్టినట్టు నేను పక్కన నిలబడ్డాను. పెరట్లో జామచెట్టు కింద గొయ్యి తీయించి, టీచరమ్మ చీరలోనే చుట్టి పెట్టాం.

ఇంటికొచ్చాక అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. అమ్మ తడుముకుంటూ నా తల మీద చెయ్యి వేసింది. "నా కోసరమే గదా దాన్ని ఒంటిగా విడిచొచ్చినావు. ఆ పాపం నాకు తగలనీ పాపా, నీకొద్దు" అంది. ఛీ, అట్లా మాట్లాడొద్దని తిట్టాను. అమ్మ మాట వెనక్కి తీసుకోలేదు.

టీచరమ్మ తిరిగి రాకముందే ఆ తలుపు గీతల మీద నూనె, ముగ్గుపొడి కలిపి రుద్దాను. మాసినట్టే అనిపించింది. ఆమె వచ్చింది, మనవడి ఫొటోలు చూపించింది, జామచెట్టు దగ్గర కాసేపు నిలబడింది. నేను పోయేటప్పుడు గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చి, ఉన్నట్టుండి తలుపు ముందు నేల మీద కూర్చుంది. "ఏందక్కా?" అంటే మోకాలు పట్టేసిందంది. ఒక చెయ్యి నేలకు, ఒక చెయ్యి తలుపు అడుగుకు ఆనించి కొంతసేపు అట్లాగే ఉండిపోయింది. తర్వాత తల ఎత్తకుండా, "ఒంటిగా పోలేదు గదా మే. అంతే చాలు" అని మళ్లీ అంది. నా అబద్ధం నిలబడిందనుకుని చెప్పులు వేసుకుని వచ్చేశాను. ఆ తర్వాత మా పాఠాలు నాలుగు వారాలు కూడా సాగలేదు. ఆమె ఇల్లు అద్దెకిచ్చి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. పండగలకు ఫోను చేస్తే ఆప్యాయంగానే మాట్లాడుతుంది. నిజం చెబుదామని ప్రతిసారీ అనుకుంటాను. పిల్లవాడి పళ్ల గురించి, వానల గురించి మాట్లాడి పెట్టేస్తాను.

ఏడాదిన్నర తర్వాత అమ్మ స్నానాల గదిలో పడింది. తుంటి ఎముక విరిగింది. దానితో పాటు జ్వరం, ఊపిరి అందకపోవడం. ఏ ఆసుపత్రి అని రాయను, ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదు చేసే అర్హత నాకెక్కడిది? పై అంతస్తులో గాజు తలుపుల గదిలో పెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. చీకటి పడ్డాక బంధువులు కింద హాల్లో ఉండాల్సిందే. రాత్రిపూట చూసుకోవడానికి ఒక ఆయమ్మ ఉండేది, నా ఈడుదే, చిక్కిపోయిన మనిషి. ఆమె చేతులు పట్టుకుని తమిళంలో బతిమాలాను. "అమ్మకు చూపు లేదు. లేచినప్పుడు పక్కన మనిషి తగలకపోతే భయపడుతుంది. ఒక చెయ్యి మీద వేసి ఉంచు తల్లీ, అంతే, తెల్లారేదాకా కదలదు." ఆ మాటలు నా నోట్లోంచి వస్తుంటే ఇవి ఎవరివో నాకు గుర్తుకొచ్చింది. ఆయమ్మ, "నేనుంటాను కదమ్మా. మీరు కవల పడొద్దు" అంది.

మూడోరోజు తెల్లవారుతుండగా పై నుంచి పిలుపొచ్చింది. మెట్లెక్కి పోయాను. గాజు తలుపు బయట ఆయమ్మ చెప్పులు ఉన్నాయి. నీలం రబ్బరు చెప్పులు. గోడకు ఆనించి, రెండు మడమలూ ఒకే గీత మీద వచ్చేలా నీటుగా పెట్టి ఉన్నాయి. పని మీద లోపలికి పోయేవాళ్ల చెప్పులు అట్లా ఉండవు. ఒకటి ఇటు, ఒకటి అటు పడి ఉంటాయి. అంత నీటుగా పెట్టేది చూసేవాళ్ల కోసం. తొమ్మిది రాత్రులు నేనూ అట్లాగే పెట్టాను.

అమ్మ పక్కకు ఒరిగి ఉంది. దుప్పటి కింద పడిపోయింది. కుడిచెయ్యి మంచం ఇనుప కమ్మీని పట్టుకుని ఉంది. ఆ వేళ్లు విడదీయడానికి నాకు చాలాసేపు పట్టింది. ఎవరి చావూ ఎవరికీ బరువు కాకూడదని పరాయి ఇంట్లో ఒక్క రాత్రి పడుకోనన్న మనిషి, ఊరూ పేరూ తెలియని మంచం మీద, ఇనుమును పట్టుకుని పోయింది.

ఆయమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆమె ఇంట్లో ఎవరున్నారో, ఏ ముసలితల్లి ఎదురు చూస్తుందో నాకేం తెలుసు? నా మొహం చూడకుండా చెప్పింది: "కష్టపడలేదమ్మా. నా చెయ్యి పట్టుకునే పోయింది మీ అమ్మ."

ఏ చెయ్యి అని అడగాలనిపించింది. ఆ నీలం చెప్పులు తెచ్చి ఆమె మొహాన కొట్టాలనిపించింది. కానీ ఆ మాట నాదే. కాస్త అటూ ఇటుగా నేను ఇంకొకరికి చెప్పిన మాట అది. దానికి ఎదురు ఏం చెప్పాలో కూడా నాకు ముందే తెలుసు. తల ఎత్తకుండా, "ఒంటరిగా పోలేదు కదా. అదు పోదుమ్మా" అన్నాను తమిళంలో, అంతే చాలమ్మా అని.

అనగానే, ఆ గుమ్మం ముందు తలుపు అడుగున గీతల మీద చెయ్యి ఆనించి కూర్చున్న టీచరమ్మ గొంతు వినపడింది. ఆమె గొంతూ ఆ రోజు సరిగ్గా ఇట్లాగే ఉంది.

ఆయమ్మ ఊపిరి తేలికగా వదిలింది. బయటికి పోయి, చెప్పులు వేసుకుని, టీ తాగడానికి కిందికి దిగింది.